కనకాంబరానికి ఎంత నీడ కావాలి?

పూలమ్మే ఆమె గంపలో మల్లెల పక్కన కనకాంబరాల దండ చుట్ట చుట్టుకుని ఉంటుంది. మల్లె వాసనతో పిలుస్తుంది. కనకాంబరానికి ఆ గుణం లేదు, రంగొక్కటే దాని ఆస్తి. ఆ రంగు మనకెంత అలవాటైందంటే చీరల కొట్లో ‘కనకాంబరం రంగు’ అంటే చాలు, గుమాస్తా ఇంకేమీ అడగకుండా బీరువా వైపు నడుస్తాడు. ఇంతగా ఇంటిదైపోయిన ఈ పువ్వు అసలు అడవిది. పెద్ద చెట్ల కింద, రాలిన ఆకుల మధ్య, ఎండ చుక్కలు చుక్కలుగా పడేచోట పుట్టి పెరిగిన మొక్క. ఈ సంగతి మరిచిపోవడం వల్లే మన కుండీల్లో కనకాంబరం ఏడాది తిరక్కుండా పోతోందని నా అనుమానం. ఆ అనుమానంతోనే దీని పెంపకం గురించి రైతులూ నర్సరీవాళ్ళూ ఉద్యాన శాస్త్రజ్ఞులూ పెరటి తోటలవాళ్ళూ చెప్పే మాటల్ని ఒకచోట పెట్టి చూడాలనిపించింది.

ముందు నా కథ కాస్త. మా అమ్మమ్మగారింట్లో నూతికీ మామిడిచెట్టుకీ నడుమ ఒక కనకాంబరాల గుంపు ఉండేది. దానికి ఎవరూ ఎరువు వేసినట్టు గుర్తులేదు, మందు కొట్టిందీ లేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు అటు పారేవి, మామిడాకులు దానిమీదే రాలేవి. నా చిన్నతనమంతా ఆ గుంపు పూస్తూనే ఉంది. నేను పట్నంలో మేడమీద, ఖరీదైన కుండీల్లో, దండిగా ఎండ తగిలేచోట పెట్టిన మొక్కలు మాత్రం మూడేళ్ళలో మూడూ పోయాయి. మూడోది అమ్మిన నర్సరీ అతను ‘బాగా ఎండ తగలనివ్వండి, రోజూ నీళ్ళు పొయ్యండి’ అన్నాడు. రెండూ చేశాను.

శాస్త్రం దీన్ని క్రోసాండ్రా ఇన్ఫండిబులిఫార్మిస్ అంటుంది. క్రోసాండ్రా అన్న పేరు 1805లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు శాలిస్‌బరీ పెట్టింది. గ్రీకులో అంచు కుచ్చులనీ మగభాగమనీ అర్థమిచ్చే రెండు మాటలు కలిపాడు, దీని పుప్పొడి తిత్తులకు కుచ్చుల్లాంటి నూగు ఉంటుంది కాబట్టి. ఇన్ఫండిబులిఫార్మిస్ అన్నమాటకు గరాటు ఆకారమని అర్థం. పువ్వును కంకినుంచి లాగినప్పుడు చేతికొచ్చే ఆ సన్నని గొట్టం చూస్తే సరైన పేరే అనిపిస్తుంది. దండ కట్టేవాళ్ళకు ఆ గొట్టమే ఆధారం, దారం బిగించేది దానికే. కుటుంబం అకాంథేసీ. మన అడ్డసరం, నేలవేము, ముళ్ళగోరింట, డిసెంబరాలు అన్నీ దీని చుట్టాలే. క్రోసాండ్రా ప్రజాతిలో సుమారు యాభై జాతులుంటే ఎక్కువ భాగం ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో ఉన్నాయి. మన కనకాంబరం మాత్రం దక్షిణ భారతానికీ శ్రీలంకకూ సొంతబిడ్డ. కనుమల్లోని ఆకురాల్చే అడవుల అడుగున, మోకాలెత్తు పొదగా ఉంటుంది.

ఆకురాల్చే అడవి అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే నీడ అనగానే మనకు ఇంట్లో మెట్లకింది చీకటి గుర్తొస్తుంది. అడవి నీడ అది కాదు. మాఘ ఫాల్గుణాల్లో చెట్లన్నీ మోడులై నిలబడినప్పుడు నేలమీద బాగానే వెలుతురు పడుతుంది. తొలకరి తర్వాత పైన గొడుగు పరుచుకున్నాక కింద చిల్లుల నీడ. పొద్దుటెండ పక్కనుంచి వాలుగా వస్తుంది, నడినెత్తి ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగుతుంది. కనకాంబరం అలవాటుపడ్డది ఈ మారే నీడకు. ‘నీడమొక్క’ అని విని హాల్లో టీవీ పక్కన పెట్టినవాళ్ళు ఇంకో రకంగా నష్టపోతారు. అక్కడ మొక్క చావదు గానీ సాగి సాగి, ఆకుకీ ఆకుకీ జానెడు ఎడంతో, ఒక్క కంకీ వేయకుండా నిలబడుతుంది.

నీడ విషయంలో మన దగ్గర మూడు రకాల మాటలున్నాయి. పొలంలో వేసే రైతు పూర్తి ఎండే కావాలంటాడు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో వాణిజ్యంగా పండే కనకాంబరం చాలావరకు ఆరుబయటదే. రెండడుగులకో వరస, వరసలో అడుగుకో మొక్క నాటితే హెక్టారుకు ఏడాదికి రెండు టన్నుల చుట్టుపక్కల పూలొస్తాయి. ఇంత తేలికైన పువ్వులో కిలో తూగాలంటే వేలల్లో కోయాలి కాబట్టి కంకుల సంఖ్యే అతనికి ముఖ్యం. ఎండలో కంకులు ఎక్కువ వస్తాయన్నదీ నిజమే. నర్సరీవాళ్ళది రెండో దారి. నారునూ కొత్తగా వేళ్ళు పట్టిన కొమ్మలనూ సగం ఎండను ఆపే ఆకుపచ్చ వలకింద పెంచి, అమ్మేటప్పుడు మాత్రం ఎండలో పెట్టమంటారు. కడియం, కడియపులంక దారిలో ఏ నర్సరీలోకి తొంగిచూసినా కనకాంబరం కనిపించేది వలకిందే. ఆ వల కింద నిగనిగలాడిన మొక్క మన మేడమీద వారంలో ఎందుకు వాడిందో అడగాల్సిన పనిలేదు. మూడోది పెరటి అనుభవం. చెట్టుకింద, గోడకు తూర్పున, పొద్దుటెండ మూడు నాలుగు గంటలు తగిలి మధ్యాహ్నం నీడ పడేచోట పెట్టమంటుంది.

ఈ మూడింట్లో ఎవరిది తప్పు అని తేల్చనక్కర్లేదు, ఎవరి అవసరం వాళ్ళది. కానీ ఇంట్లో పెంచుకునేవాళ్ళు రైతు లెక్కను అరువు తెచ్చుకోవడం అనవసరం. రైతు తోటను రెండు మూడేళ్ళు ఉంచి దున్నేస్తాడు. మనకు మొక్క పదేళ్ళు బతకాలి, పండగకి ఓ దండకి సరిపడా పూలివ్వాలి. నడిఎండలో పూసిన కనకాంబరం రంగు త్వరగా వెలుస్తుంది, ఆకు అంచులు మాడతాయి, కుండీ మన్ను పూటకే ఎండిపోతుంది. చిల్లుల నీడలో కంకులు తగ్గుతాయి, కాని రంగు నిండుగా నిలుస్తుంది. నా మటుకు నాకు ఈ బేరం నచ్చింది. మన నేలలో నీడసేద్యం కొత్తదీ కాదు. తమలపాకు తోటలవాళ్ళు అవిశ చెట్ల నీడన తీగ పాకించి తరాలుగా బతుకుతున్నారు. ఎండను ఎంత రానివ్వాలో, ఎప్పుడు అవిశ కొమ్మలు నరకాలో వాళ్ళకి తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పదు. కనకాంబరానికి కావలసింది ఆ ఒడుపే.

ఏ చెట్టు నీడ అన్నదీ చూసుకోవాలి. మామిడి, కొబ్బరి, కానుగ, మునగ మంచివి. చింతకింద ఏదీ బతకదని మనవాళ్ళు ఊరికే అనలేదు, అక్కడ నీడ మరీ దట్టం. పెద్ద వేపచెట్టు మొదట్లోనైతే నీడకన్నా వేళ్ళతోనే తగాదా. మనం పోసిన నీళ్ళు చెట్టే తాగేస్తుంది. అలాంటిచోట మొక్కను కుండీతో సహా సగం నేలలోకి దింపడం తేలికైన ఉపాయం.

మన్ను సంగతికి వస్తే పుస్తకాల సలహా పొడిగా ఉంటుంది: నీరు ఇంకే గరపనేల, ఉదజని సూచిక 6 నుంచి 7.5 మధ్య. అడవి నేలను ఒక్కసారి గుప్పిట్లోకి తీసుకుంటే ఇదే మాట బాగా అర్థమవుతుంది. పైన ఎండుటాకులు, కింద సగం చివికిన ఆకులు, ఆ కింద నల్లగా గుల్లగా ఆకుమన్ను. ఎంత వానొచ్చినా నీరు నిలవదు, ఎంత ఎండ కాసినా తడి పూర్తిగా ఆరదు. కుండీలో దీన్ని తేవాలంటే మూడోవంతు ఎర్రమన్ను, మూడోవంతు ఆకుమన్ను లేదా బాగా మాగిన పశువుల ఎరువు, మిగతాది ఇసుక, చివర ఓ గుప్పెడు వేపపిండి. పైన రెండంగుళాల ఎండుటాకులు పరచాలి. ఈ చివరిదాన్ని చాలామంది ‘చెత్త’ అని ఊడ్చేస్తారు. మా అమ్మమ్మ ఊడవలేదు, అంతే తేడా.

నీళ్ళు రోజూ అన్న నియమాన్ని మరిచిపోండి. వేలు దూర్చి చూస్తే అంగుళం లోతున మన్ను పొడిగా ఉంటేనే పోయాలి. కనకాంబరం నీళ్ళు తక్కువై వాడితే సాయంత్రానికి తేరుకుంటుంది. నీళ్ళు ఎక్కువై వాడితే మాత్రం చాలాసార్లు తేరుకోదు. రెండూ పైకి ఒకేలా కనబడడంతో మనం వాడిన మొక్కకు ఇంకా నీళ్ళు పోసి చంపుతాం. నేను మూడోదాన్ని ఇలాగే చంపాను.

హైదరాబాదు వంటి చోట్ల ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఏడాదిపాటు అవే పోస్తే మన్ను చౌడువైపు తిరిగి, ఇనుము మన్నులో ఉన్నా మొక్కకు అందదు. లేతాకులు పసుపురంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఈ లోపమే. కనకాంబరం దీనికి తొందరగా లొంగుతుంది. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మఉప్పు కలిపి పదిరోజులకోసారి ఆకులమీద చల్లితే కొత్త ఆకులు పచ్చబడతాయి. వాననీళ్ళు పట్టిపెట్టుకోగలిగినవాళ్ళకు ఈ తిప్పలే ఉండవు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. కనకాంబరం కంకిలో పూలు కిందినుంచి పైకి, రెండు మూడు వారాలపాటు వరసగా విచ్చుకుంటాయి. పూర్తిగా విచ్చుకోవడానికి ఒక్కో పువ్వుకి రెండురోజులు పడుతుంది కనుక రైతులు రోజు విడిచి రోజు తెల్లవారుజామున కోస్తారు. కోయకుండా వదిలేసిన కంకి ఎండి గోధుమరంగు అవుతుంది. దాని పొత్తుల్లో కాయలు, ఒక్కో కాయలో నాలుగు గింజలు. ఎండిన కంకిని గిన్నెలో వేసి నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి కాసేపు ఆగండి. టప్పున ఒక కాయ పేలి గింజ ఎదుటి గోడకు తగులుతుంది, తర్వాత ఇంకోటి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఫైర్‌క్రాకర్ ఫ్లవర్ అనడం ఈ పేలుడు వల్లే అంటారు. ప్రతి గింజకిందా చిన్న కొక్కెం ఉంటుంది, కాయ విచ్చినప్పుడు ఆ కొక్కేలే వడిసెలలా గింజను విసురుతాయి. ఎండ తగిలి పగిలే కాయలు బోలెడన్ని ఉన్నాయి. ఇది మాత్రం తడికోసం కాచుక్కూర్చుంటుంది. వాన పడినప్పుడే గింజ నేలమీద పడాలి, తడినేలలో వెంటనే మొలవాలి, లేకపోతే ఆకుల పొరలో ఎండిపోవడమో చీమల పాలవడమో. అడవి దీనికి నేర్పిన పంచాంగం ఇది.

కాబట్టి గింజ వేయడానికి ఏ నెల మంచిదన్న ప్రశ్నకు మొక్కే జవాబు చెప్పింది. తొలకరి తర్వాత, ఆ ఏడాది గింజనే వేయాలి. పాతబడినకొద్దీ మొలక తగ్గిపోతుంది. గింజమీద పొలుసుల పొర ఉంటుంది, దాన్ని గీకనక్కర్లేదు. వేలిగోరు మందాన ఆకుమన్ను కప్పి, నీడలో, తడి ఆరనివ్వకుండా ఉంచితే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి, కొన్ని నెలదాకా ఆగుతాయి. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుని ఆ మడిలో ఇంకేదో వేసేస్తారు. రెండు నెలల నారును నాటుకోవచ్చు. మొదటి కంకి చూడడానికి గింజ వేసిననాటినుంచి ఐదారు నెలలైనా పడుతుంది.

కొమ్మ నాటితే ఇంతకన్నా త్వరగా పూస్తుంది. పూత లేని, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను జానెడు కోసి, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మన్నులో గుచ్చి నీడన పెడితే నెలలోపు వేళ్ళు పడతాయి. మార్కెట్లో ఎక్కువగా కనబడే ‘ఢిల్లీ’ కనకాంబరానికి ఇదొక్కటే దారి. ముదురు నారింజ, పూలన్నీ ఒకే తీరున ఉండే రకం అది, రైతుకు దిగుబడీ ఎక్కువే. అయితే దాని కణాల్లో క్రోమోజోముల కట్టలు రెండో నాలుగో కాకుండా మూడు ఉంటాయి. బేసి లెక్క కావడంతో గింజ కట్టదు. చూడముచ్చటైనదే, కాదనను. కానీ దాని కాయ పేలదు, దాని కింద పిల్లమొక్కలు మొలవవు. మనిషి కొమ్మ విరిచి నాటకపోతే దాని కథ అక్కడితో సరి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక, అర్క శ్రేయ, అర్క శ్రావ్య, అర్క చెన్న వంటి రకాలు విడుదల చేసింది. అవి పూల దిగుబడి కోసం, పొలం కోసం చేసినవి, రైతుకు మేలైనవే. ఇంటి చెట్టునీడ కోసమని ఒక రకాన్ని తయారుచేస్తే బాగుంటుందని ఉద్యాన శాస్త్రజ్ఞులకు నా మనవి.

ఇక జబ్బులు. కనకాంబరానికి పేనుబంకా పిండినల్లీ తెల్లదోమా వస్తాయి, సబ్బునీళ్ళకో వేపనూనెకో పోతాయి, వాటిగురించి పేజీలు నింపక్కర్లేదు. అసలు శత్రువు నేలలో ఉంటుంది. కంటికి ఆనని నులిపురుగులు వేళ్ళలో దూరి గాయాలు చేస్తాయి. మొక్క గిడసబారుతుంది, ఆకులు చిన్నవై పాలిపోతాయి. ఆ గాయాల్లోంచి ఫ్యూజేరియం బూజు లోపలికి పోతే ఎండుతెగులు. నిన్న పూసిన మొక్క రేపటికి తలవాల్చి, వారం పదిరోజుల్లో కర్రై నిలబడుతుంది. పీకి చూస్తే వేళ్ళు నల్లబడి పొట్టు ఊడివస్తాయి. విడివిడిగా ఏదొచ్చినా మొక్క కొన్నాళ్ళు లాగుతుంది, రెండూ కలిస్తే లాగలేదు. ఏళ్ళ తరబడి ఒకే మడిలో కనకాంబరమే వేసిన తోటలు ఇలాగే ఖాళీ అవుతాయి.

దీనికి చెప్పే మందుల్లో నేలలో పోసే ఘాటైన రసాయనాలూ ఉన్నాయి. పిల్లలు ఆడే పెరట్లో, జడలో పెట్టుకునే పువ్వుకి వాటి జోలికి పోవద్దంటాను. ఇంటికి సరిపోయేవి మూడే. వేపపిండి, మాగిన ఎరువులో కలిపిన ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు, బంతి. కనకాంబరం పోయినచోట వెంటనే కనకాంబరం నాటకుండా ఒక కారు బంతి వేస్తే ఆ వేళ్ళలోని పదార్థాలకు నులిపురుగుల సంఖ్య తగ్గుతుంది. పూర్తిగా పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు ఇంతకన్నా నమ్మకం అడవి పద్ధతిమీద. అడవిలో ఎక్కడా కనకాంబరం ఒక్కటే మడి కట్టుకుని ఉండదు. అక్కడో మొక్క, ఇక్కడో గుంపు, నడుమ గడ్డీ దుంపలూ తీగలూ. నులిపురుగుకు ఒకచోటే విందు దొరకదు. చివికే ఆకుల్లో వాటిని తినే బూజులూ పెరుగుతాయి. ఇంట్లోనూ నాలుగుచోట్ల నాలుగు మొక్కలు వేరే మొక్కల మధ్య పెంచితే, ఒకటి పోయినా మూడు ఉంటాయి. కుండీ నుంచి కుండీకి మన్ను మార్చేటప్పుడు మాత్రం చచ్చిన మొక్క మన్ను తీసుకోవద్దు.

కత్తిరింపుకి పెద్ద శాస్త్రం లేదు. పూత అయిపోయిన కంకిని కింది ఆకుజత దాకా తుంచితే పక్కనుంచి రెండు కొత్తవి వస్తాయి. ఏడాదికోసారి సగానికి కోస్తే మొక్క గుబురవుతుంది. వానాకాలంలో పూత కాస్త తగ్గితే కంగారుపడొద్దు, అది దాని అలవాటే.

చలి దీనికి సరిపడదు. ముప్ఫై డిగ్రీల వేడిమిలో హాయిగా ఉండే మొక్క, పది డిగ్రీల చలికి ఆకులు రాలుస్తుంది. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళలో ఫ్లోరిడా వంటి వెచ్చనిచోట ఉన్నవాళ్ళు నేలలోనే పెంచుతారు. తక్కినవాళ్ళు వేసవంతా బయట చెట్టునీడన ఉంచి, చలి మొదలవుతుండగానే లోపలికి తెచ్చి తూర్పు కిటికీలో పెట్టాలి. హీటరు గాలికి ఆకులు ముడుచుకుంటాయి గనుక గులకరాళ్ళు పోసిన పళ్ళెంలో నీళ్ళుపోసి పైన కుండీ నిలబెడితే కాస్త తేమ అందుతుంది. ఊరినుంచి కొమ్మో గింజో సూట్‌కేసులో పెట్టుకుపోదామన్న ఆలోచన మాత్రం వద్దు, అక్కడి నర్సరీల్లోనే ఫైర్‌క్రాకర్ ఫ్లవర్ అని అడిగితే దొరుకుతుంది.

అడవి మొక్క అన్నాను కదా అని అడవికెళ్ళి తవ్వుకు రావడం గురించీ ఒకమాట. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా మొక్కను పెకలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదీగాక తవ్వి తెచ్చిన పెద్ద మొక్క వేళ్ళు తెగి ఎక్కువసార్లు బతకదు.

అసలు అడవిదాకా పోనక్కర్లేదు. పాత గింజ కనకాంబరం ఇంకా ఎన్నో ఊళ్ళ పెరళ్ళలో, నూతుల పక్కన, ఎవరూ పట్టించుకోకుండా పూస్తోంది. మేడలు లేచి పెరళ్ళు పోతున్నకొద్దీ అదీ పోతుంది. దాని స్థానంలో మనం కొనితెచ్చే రకం గింజ కట్టదు. అందుకని మీ ఊళ్ళో, మీ అత్తగారింట్లోనో పిన్నిగారింట్లోనో అలాంటి గుంపు కనబడితే ఈసారి పూలన్నీ కోసెయ్యొద్దని చెప్పండి. ఒకటి రెండు కంకులు ఎండనిచ్చి, తొలకరికి ముందే కాగితం సంచిలోకి కోసి, పొడిగా దాచి, మీకు తోచినవాళ్ళకు నాలుగేసి గింజలు పంచండి. సంచి మూతి మాత్రం గట్టిగా కట్టండి, తడి తగిలితే ఇల్లంతా ఏరుకోవాలి.